స్వనామాన్వేషణము - కీర్తిరక్షణము

లోకము తన్నుగుఱించి యేమనుచున్నదో తెలిసికొనవలెనను కోరిక నేఁటిది కాదు. ఉత్తరకాండమున శ్రీరాముఁడు భద్రుఁడను వానిని బిలిచి, పురజనులు తన్నును సీతను దమ్ములను గూర్చి యేమి పలుకుచున్నారో చెప్పుమని యడుగును. భద్రుఁడు మొదట మంచిమాటలనే చెప్పును. మంచియుఁ జెడ్డయు విడువక చెప్పుమని రాముఁడు నిర్బంధించిన పిమ్మటనే లోకాపవాదము బయటఁ బడును. రాజులకుఁ జారులే కన్నులని నీతిజ్ఞులు చెప్పిరి. సామాన్యునకుఁ జారులు లేరు. తన వెనుక నెవ్వరేమనిరో యాతనికిఁ దెలియు నుపాయము చిరకాలము లేకుండెను. నేఁడు సెల్‌ఫోను గల ప్రతివాఁడును భద్రునిఁ జేతిలో నుంచుకొనియున్నాఁడు. తన పేరును దానే గూగులు మొదలగు శోధనయంత్రముల కిచ్చి, వచ్చిన పుటలను జదువుకొనుటకు స్వనామాన్వేషణమని పేరిడవచ్చును. దాని స్వరూపము, దోషములు, దానివలనఁ దెలియవచ్చిన కీడునకుఁ బ్రతిక్రియ, ఇవి యీ వ్యాసమున నిరూపింపఁబడును.

చిత్తూరుజిల్లా పలమనేరులో నొక యుపాధ్యాయుఁడు తన పేరు వెదకుకొనెనని యూహింపుఁడు. తన్నుగూర్చిన పుటలు కొన్ని రాకపోవచ్చును. తాను గానివారి పుటలు రావచ్చును. ఏమియు రాకయుఁ బోవచ్చును. లక్షణమునకు శాస్త్రజ్ఞులు చెప్పిన యవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము లను మూఁడు దోషములే యివి. వీనికిఁ దోడు నాల్గవది గలదు: పుట తన్నుగూర్చినదే యైనను అందలి విషయ మసత్యమో, కాలము చెల్లినదో యగుట. కీర్తిహాని యీ నాల్గింటివలనను గలుగును గాని ప్రతిక్రియలు వేఱువేఱు. ఏ దోషమో నిర్ణయింపక ప్రతిక్రియకుఁ దొడఁగుట వ్యాధి నెఱుఁగక యౌషధ మిచ్చుట వంటిది.

శబ్దస్వరూపము

శోధనయంత్రము ప్రశ్న వచ్చిన క్షణమున లోకమంతయు వెదకు ననుకొనుట పొరపాటు. అది ముందుగనే లింకుల వెంట నొక పుటనుండి యింకొక పుటకుఁ బోయి, చూచిన పుటలలోని పదముల కొక గొప్ప పదసూచికను సిద్ధపఱచుకొని యుండును. గ్రంథాంతమున నకారాదిసూచిక యెట్టిదో యిదియు నట్టిదే. అడిగినవానికి లభించునది లోకము గాదు, సూచిక. సూచిక కెక్కని పుట లోకమున నున్నను లేనిదానితో సమానము.

ఈ సూచిక ప్రధానముగా శబ్దస్వరూపము నాశ్రయించినది. పాణిని యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ప్రథమపాదమున 68వ సూత్రముచే, వ్యాకరణమున శబ్దమునకు స్వరూపమే గ్రాహ్యమని, శాస్త్రసంజ్ఞల కీ నియమము లేదని చెప్పెను. అగ్నిశబ్దమునకు విధించిన ప్రత్యయము నిప్పుకణికకుఁ జేరదు. పావకాది పర్యాయములకును జేరదు. యంత్రముల వర్తనమును జాలవఱ కిట్టిదే. ఇటీవలి యంత్రములు పదముల యర్థమును గూడ నూహింప యత్నించుచున్నవి. కాని ప్రసిద్ధుఁడు గాని మనుజుని పేరి విషయమున వాని యూహకు నాధారము స్వల్పము. అక్షరముల కూర్పే యచట ముఖ్యము.

పుటల క్రమమునకు వేఱు నియమము గలదు. 1998వ సంవత్సరమున లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు గూగులును స్థాపించినపుడు వారి పద్ధతికి మూలమైన భావ మిది: ఏ పుటకు నితరపుటలనుండి లింకులు హెచ్చో, ఆ లింకు లిచ్చు పుటలు నెంత గౌరవము గలవో, దానిని బట్టి యా పుటకుఁ బ్రాముఖ్యము. తరువాత ననేకాంశములు చేర్పఁబడినను ఈ మూలభావము పోలేదు. కనుక మొదట వచ్చిన పుట మిక్కిలి సత్యమైనదని యర్థము గాదు. లోకు లెక్కువగాఁ బట్టించుకొన్నదని మాత్రమే యర్థము. ఒకఁడు నిర్బంధింపఁబడెనన్న వార్తను బదుగురు తిరిగి ప్రకటింతురు. వాఁడు నిర్దోషి యని తేలినపుడు వ్రాయువారు కొందఱే. యంత్ర మీ యసమత నట్లే ప్రతిబింబించును. కీర్తిహానికి మూలకారణము పెక్కుచోట్ల నీ క్రమనియమమే గాని యెవ్వరి ద్వేషమును గాదు.

అవ్యాప్తి

పలమనేరు పేరే దీని కుదాహరణము. ప్రాచీనాంగ్లగ్రంథములలో నీ యూరిపేరు లకారమున నచ్చు లేక, 'పల్మనేర్' అని పలుకునట్లు వ్రాయఁబడినది. తరువాతి వ్రాఁతలలో 'పలమనేర్' అనియు, తెలుఁగు పలుకుబడి ననుసరించి 'పలమనేరు' అనియుఁ గలదు. ఊరొక్కటి, ఆంగ్లాక్షరరూపములు మూఁడు. ఒక రూపముతో వెదకినవానికి నితరరూపములతో వ్రాసిన పుట లన్నియుఁ జిక్కునను నిశ్చయము లేదు.

మనుజుల పేరులకు నీ చిక్కు మఱింత హెచ్చు. 'గీత' యను రెండక్షరముల పేరు చూడుఁడు. దీర్ఘమైన ఈకారమునకు 'ఐ' యక్షర మొక్కటి వ్రాయువారును, 'ఇ' యక్షరమును రెండుమాఱులు వ్రాయువారును గలరు. తకారమునకు 'టి' మాత్రము వ్రాయువారును, దానికి 'హెచ్' చేర్చువారును గలరు. ఈ పేరే నాలుగు రూపములైనది. 'హెచ్' చేర్చుట తమిళ కన్నడ సీమలలో విశేషాచారము. ఆ రెండు సీమలకును దాపున నున్న పలమనేరులో రెండాచారములును గనఁబడును. 1911వ సంవత్సరమునఁ జిత్తూరుజిల్లా యేర్పడుటకు ముందు ఈ తాలూకా యుత్తరార్కాడుజిల్లాలోనిది. తమిళలిపిలో క-గలకును, త-దలకును, ప-బలకును వేఱు లిపిసంకేతములు లేవు. ఆ లిపిలో వ్రాసిన పేరు మరల నాంగ్లమునకో తెలుఁగునకో తేఁబడినపుడు మాఱిపోవుట సహజము.

తెలుఁగులిపిలో వ్రాసినను జిక్కు తీఱదు. వేంకటుఁడు 'వెంకట' యగును, లక్ష్మీశబ్దము హ్రస్వాంతమగును, మువర్ణకము పూర్ణబిందు వగును. మఱియు 1991లో వెలువడిన యూనికోడు ప్రథమభాగమునఁ దెలుఁగులిపికి స్థానము కల్పింపఁబడినను, తరువాతఁ బెక్కేండ్లు తెలుఁగుపత్రికలు తమతమ సొంతసంకేతములతోనే యంతర్జాలమునఁ బ్రకటింపఁబడెను. తెరపై నది తెలుఁగే. యంత్రమునకు మాత్రము అర్థరహితమైన గుర్తుల వరుస. ఆ కాలపు వార్తలును, ఛాయాచిత్రములుగా నెక్కింపఁబడిన ప్రాచీనపత్రికలును జాలవఱకు నామాన్వేషణమునకుఁ జిక్కవు.

ఇంటిపేరి క్రమ మింకొక కారణము. తెలుఁగువారి కింటిపేరు ముందు. విదేశీయాచారము ననుసరించు దరఖాస్తులలో నది వెనుకకుఁ బోవును. కొన్నిచోట్ల నొక్కయక్షరముగాఁ గుదించుకొనిపోవును. ఈ సీమలోఁ దండ్రిపేరి మొదటి యక్షరమును ముందుంచుకొనువారును గలరు. కనుక స్వనామము వెదకువాఁడు తనపేరి రూపములన్నిటిని, తెలుఁగున నాంగ్లమునఁ బూర్ణముగను సంక్షేపముగను, ముందొక కాగితముపై వ్రాసికొని, ఒక్కొక్కదానినే వెదకవలెను. ఒక్కరూపముతో వెదకి చెడ్డమాట లేదని సంతోషించుట చెల్లదు. లేకున్నది చెడ్డమాటయో, ఆ రూపమున దాని సూచికయో యాతఁ డెఱుఁగఁడు.

అతివ్యాప్తి

తిరుపతికి సమీపమున నున్న సీమలో శ్రీనివాస, వేంకటేశ్వర, గోవింద, బాలాజీ నామము లింటింటను గలవు. ఒకే పేరు గలవా రొక్క తరగతిలోనే యిద్దఱు ముగ్గు రుందురు. యంత్రమునకు వారందఱు నొక్కరే. ఒకని నేర మొకనికిఁ, నొకని బిరుద మొకనికిఁ దగులును.

సాహిత్యపరిశోధకుల కీ దోషము చిరపరిచితము. నెల్లూరి మనుమసిద్ధి కాలమున దిక్కన లిద్దఱు: ఒకఁడు భారతకర్త, ఒకఁడు ఖడ్గతిక్కన. వంశమొక్కటి, కాలమొక్కటి, ప్రభువొక్కఁడు. సోమనాథులలో నొకఁడు బసవపురాణకర్తయైన పాల్కురికివాఁడు, ఒకఁడు ఉత్తరహరివంశకర్తయైన నాచనసోమన. వీరి నేర్పఱచుటకుఁ బరిశోధకులు వాడిన సాధనము విశేషణము: ఇంటిపేరు, బిరుదము, తండ్రి, కృతి, స్థలము, కాలము. స్వనామాన్వేషణమునను సాధన మదియే. పేరును గొటేషను గుర్తులలో నుంచినచోఁ బదముల వరుస చెదరదు. పక్కను ఊరిపేరో, వృత్తియో, పాఠశాలయో చేర్చినచో నన్యులు తొలఁగుదురు. అన్యుని కసాధారణమైన పదమునకు ముందు ఋణచిహ్న ముంచినచో నా పదము గల పుటలు విడువఁబడును.

అయితే వెదకువాఁడు తానైనపుడీ యుపాయములు పనికివచ్చును. కన్యకు వరునిఁ జూచువారో, ఉద్యోగ మిచ్చువారో వెదకునపుడు వా రింత శ్రమపడరు. మొదటి రెండు మూఁడు పుటలు చూచి నిర్ణయింతురు. కనుక నామసామ్యముచేఁ గీడు గలుగుచున్నదని తెలిసినవాఁడు తానే విశేషణములతోఁ గూడిన సత్యమైన యొక పుటను నిలుపుట మేలు: ఇంటిపేరు, ఊరు, వృత్తి, చేసిన పని. ఇల్లు, ఫోనుసంఖ్య, జన్మదినము నందుండఁ బనిలేదు. తన పేరిని నంతట నొకే వర్ణక్రమమున వ్రాయుట రెండవ యుపాయము. ఇందు దోషియైన యన్యునిపైఁ గాని, సూచికపైఁ గాని ఫిర్యాదుకుఁ దావు లేదు. ఆ పుట సత్యమే, అది మఱియొకనిది.

అసంభవము

ఏమియు రాకుండుట పెక్కురకు లోపముగాఁ దోఁచును. పలమనేరు ప్రాంతపు మట్టిపనితనమునుగూర్చియు, 1990లో నేర్పడిన కౌండిన్య యభయారణ్యమందలి యేనుఁగులనుగూర్చియుఁ బుటలు గలవు. కాని కుండలు చేసినవారి పేరులు పెక్కు సూచిక కెక్కియుండవు. దానిచే వారి గౌరవమునకు లోపము లేదు. అంతర్జాలమునకుఁ బూర్వము గతించిన పండితులును నట్టివారే. సూచికాభావము గుణాభావము గాదు. అయినను ఇం దొక ప్రమాదము గలదు. పేరిపై నేమియు లేనిచోట మొట్టమొదట నెవ్వఁడు వ్రాసిన యొక్క చెడ్డమాటయుఁ బ్రతిద్వంద్వి లేక మొదటి స్థానమున నిలుచును. ఖాళీగా నున్న గోడపై నొక్క బొగ్గుగీటును దూరమునకుఁ గనఁబడును.

ఆరోపము

తనది గానిది తనపైఁ బెట్టఁబడుట ఆరోపము. శ్రీనాథుని పేర, తెనాలి రామకృష్ణుని పేరఁ జెలామణియైన చాటువులు వారివే యని స్థాపించుటకు సాధనము లేనివి పెక్కు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిని గూర్చినపుడును గర్తృత్వమే చిక్కుప్రశ్న. ప్రసిద్ధనామము చుట్టు నాథము లేని మాటలు చేరును. చేరినవాని సంఖ్యనుబట్టి నామమునకు రంగు మాఱును. శ్రీనాథుఁడు కేవలము విలాసియను లోకాభిప్రాయమున నట్టి చాటువుల పాలెంతయో యాలోచింపఁదగినది.

నేఁడీ పని యంత్రములు చేయుచున్నవి. ప్రశ్నకు వాక్యములతో నుత్తరమల్లు కృత్రిమమేధాయంత్రములు పదముల సాహచర్యము నాధారముగాఁ గొని వాక్యములు కూర్చును. సాహచర్యము సంబంధమును దెలుపునే కాని కారకమును దెలుపదు. ఆస్ట్రేలియాలో హెప్‌బర్న్ షైరు మేయరుగా నుండిన బ్రయన్ హుడ్ అను నాతని విషయ మిట్టిదే. లంచముల వ్యవహార మొకదానిని బయట పెట్టినవారిలో నాతఁ డొకఁడు. చాట్‌జీపీటీ యాతనినే లంచమునకై శిక్షింపఁబడినవానిఁగాఁ జెప్పెను. 2023 ఏప్రిలులో నాతఁడు దావా వేయుదునని ప్రకటించిన పిదప నిది లోకమునకుఁ దెలిసినది. పేరును లంచమును నొక్కచోట నుండుట సత్యము. కర్తయెవ్వఁడో, ఫిర్యాది యెవ్వఁడో యంత్రము తాఱుమాఱు చేసినది. విభక్తి తప్పినచో నర్థము తలక్రిందగునని బాలురకు బోధించు పండితుల కిది క్రొత్త కాదు. కనుక స్వనామమును శోధనయంత్రములలోనే కాక యీ వాక్యయంత్రములలోను నడిగి చూచుకొనుట నేఁటి యావశ్యకము.

మఱపు హక్కు

మిగిలినది కష్టతరము: పుట తన్నుగూర్చినదే, ఒకప్పుడు సత్యమే, కాని కాలము చెల్లినది. 1998లో స్పెయినుదేశపు వార్తాపత్రికలో నొకని ఋణములకై స్థిరాస్తి వేలము ప్రకటింపఁబడెను. ఋణవ్యవహారము ముగిసి పెక్కేండ్లు గడచినను పేరు వెదకినపుడెల్ల నా ప్రకటనయే వచ్చుచుండెను. ఆతఁడు 2010లో ఫిర్యాదు చేయఁగా, 2014 మే 13వ తేదీని ఐరోపా సమాఖ్య న్యాయస్థానము, అప్రస్తుతమైన యట్టి పుటను బేరుతో వెదకినపుడు చూపకుండుమని శోధనయంత్రము నడుగు హక్కు గలదని తీర్పు చెప్పెను. మఱవఁబడఁగోరిన యాతని పేరు ఆ వ్యాజ్యముచే లోకప్రసిద్ధమైనది. ఇచట దానిని వ్రాయకుండుటయే యుచితము. ఈ తీర్పునందలి సూక్ష్మము గుర్తింపఁదగినది: పత్రిక తన ప్రతిని గొట్టివేయ నక్కఱలేదు, సూచికలో నా పేరి క్రింద దానిని జూపరాదు. తాళపత్రము భాండాగారముననే యుండును. పట్టికలో నొక శీర్షిక మాత్రము తొలఁగింపఁబడును.

భారతదేశమున 2017 జనవరిలోఁ గర్ణాటక హైకోర్టు, ఒక స్త్రీ తండ్రి ప్రార్థనమును బట్టి, ఆమెకు సంబంధించిన యుత్తరువునందు ఆమె పేరు అంతర్జాలాన్వేషణమునఁ దేలకుండఁ జేయుమని ఆఫీసువారి కాజ్ఞాపించెను. ధ్రువీకృతప్రతిలో మాత్రము పేరుండును. అదే సంవత్సరము ఆగస్టు 24వ తేదీని, పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గోప్యత ప్రాథమికహక్కని యేకాభిప్రాయముతోఁ జెప్పెను. 2021 ఏప్రిలులో ఢిల్లీ హైకోర్టు, మాదకద్రవ్యాభియోగమున నిర్దోషియని తేలిన యొక విదేశీయుని తీర్పును శోధనయంత్రములు చూపకుండునట్లు తాత్కాలికోత్తరు విచ్చెను. నిర్దోషిత్వమును జెప్పు తీర్పే యాతని యుద్యోగమున కడ్డమైనది. చదువరి తీర్పు చివరివఱకుఁ జదువఁడు. పేరును నభియోగమును మాత్రము చూచి విడుచును.

అందఱు న్యాయమూర్తులు నొక్కమార్గమునఁ బోలేదు. నిర్దోషియైన యొకఁడు తన పేరు తొలఁగింపుఁడని కోరఁగా, మద్రాసు హైకోర్టున 2021 ఆగస్టులో నేకన్యాయమూర్తి, తగిన శాసనము లేదని నిరాకరించెను. 2024 ఫిబ్రవరిలో ధర్మాసనము ప్రార్థన నంగీకరించెను. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసెను. ఇరుపక్షములకును బలము గలదు. న్యాయము బహిరంగముగ నడువవలెను. తీర్పులు లోకుల సొత్తు. అభియోగముల గుర్తులు చెరపివేయుచుఁ బోయినచో రేపటి చరిత్రకారునకు సాధనము మిగులదు. శాసనములలో నక్షరములు చెక్కివేయఁబడినచోటఁ బరిశోధకుఁడు పడు కష్టము పరిశోధకునకే యెఱుక. మఱియొక వంకఁ, దీర్పుచే నిర్దోషియైనవానిని సూచిక ప్రతిదినము మరల ముద్దాయిని జేయుచున్నది. పత్రమును గాచుట, పేరి క్రింద దానిని జూపకుండుట యను విభాగము రెండు పక్షముల న్యాయమును గొంతవఱకు నిలుపును. అధికారమున నుండువారు పదవిలోఁ జేసిన పనుల కీ రక్షణము చెల్లకుండుటయుఁ న్యాయ్యమే.

2023 నాఁటి డిజిటల్ వ్యక్తిగత సమాచారరక్షణచట్టమున, సమాచారమును దిద్దించుకొనుటకును దొలఁగింపించుకొనుటకును 12వ విభాగమున హక్కు గలదు. దాని నియమములు 2025 నవంబరులోఁ బ్రకటింపఁబడినవి. ముఖ్యవిధులు ప్రకటనకుఁ బదునెనిమిది నెలల పిదపఁ గాని యమలునకు రావని యందే కలదు. తానే బహిరంగముగఁ బ్రకటించుకొన్న సమాచారమున కా చట్టము వర్తింపదు. కనుక నుత్సాహముచే నేఁడు వ్రాసికొన్నది రేపు తన చేతఁ జిక్కకపోవచ్చును.

ప్రతిక్రియాక్రమము

మొదట దోషనిర్ణయము. అన్యుని పుటయైనచో విశేషణములతోఁ దన పుటను నిలుపవలెను. తనదే యైనచో, పుట చిరునామాను, చూచిన తేదీని, తెరచిత్రమును భద్రపఱచుకొనవలెను. పుట మాఱిన పిదప సాక్ష్యము దొరకదు. పిమ్మట వ్రాసినవానినే మర్యాదగా దిద్దుమని కోరవలెను. మూలము దిద్దఁబడినఁ గొంతకాలమునకు సూచికయుఁ దిద్దఁబడును. మూలమట్లే యుండఁగా సూచిక తొలఁగించినచో నది యింకొక సూచికలోఁ దేలును. ఫోనుసంఖ్య, ఇంటి చిరునామా వంటివి బయటఁబడినచో, వానిని శోధనఫలములనుండి తొలఁగింపుమని కోరుటకు గూగులు 2022 నుండి విస్తృతావకాశ మిచ్చినది. దురుద్దేశముతోఁ జేసిన యసత్యనిందకు, 2024 జూలై 1 నుండి యమలులో నున్న భారతీయన్యాయసంహిత 356వ విభాగము గలదు; అయితే లోకహితార్థమైన సత్యకథనమున కందు మినహాయింపు గలదు.

వ్యాజ్యమునకు ముందొక హెచ్చరిక. 2003లో అమెరికాదేశపు గాయని బార్బ్రా స్ట్రైసాండ్ తన యింటి ఛాయాచిత్రమును దొలఁగింపవలెనని దావా వేసెను. అంతవఱకు దానిని దిగుమతి చేసికొనుట యాఱుమాఱులే. అందు రెండు తన న్యాయవాదులవే. దావా సంగతి తెలిసిన నెలలోపలఁ జూచినవారు నాలుగులక్షలకుఁ బైబడిరి, దావాయుఁ గొట్టివేయఁబడెను. అల్పమైన నిందకుఁ బెద్దగొంతుతోఁ బ్రత్యుత్తర మిచ్చుట దానికిఁ గ్రొత్తలింకులు సమకూర్చుటయే. పదుగురు చదువనిదానిని విడుచుట, పదుగురు నమ్మునదానిని ఖండించుట వివేకము.

పాఠశాలా పండితుల కింకొక కర్తవ్యము గలదు. బాలుర పేరులు, మార్కులు, ఛాయాచిత్రములు, శిక్షలు, ఫీజుబాకీలు బహిరంగముగ నెక్కించుట కొన్ని పాఠశాలలలో నలవాటైనది. పదునాలుగేండ్ల బాలుఁడు తప్పిన పరీక్ష ముప్పదియేండ్లనాఁడు వాని పేరితోఁ దేలవచ్చును. పైఁ జెప్పిన 2023 చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకుఁ దల్లిదండ్రుల యనుమతి కావలెనన్నది. ఆ విధి యమలునకు వచ్చువఱకు వేచియుండ నక్కఱలేదు. పలమనేరులో నొక హాజరుపట్టీ బీరువాలో నుండఁగా దానివలన నెవ్వరికిని గీడు లేదు. అదే పట్టీ ఛాయాచిత్రమై యంతర్జాలమున కెక్కినచో, నందలి పేరు లన్నియు సూచికలోఁ బడును. వెదకుకొనుటకును, దిద్దించుకొనుటకును శక్తి లేని బాలురు దాని ఫలమనుభవింతురు.